డోర్కాస్ మింగలేని రొట్టె

ఉక్కు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్‌లో మా ప్రార్థన మందిరానికి వచ్చే ఆడవాళ్ళలో డోర్కాస్ అంత నెమ్మదస్తురాలు ఇంకొకరు లేరు. అందుకేనేమో అందరికీ లోకువైపోయింది. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం, నెలకోసారి యేసు శరీరమని పంచే ప్రభువు బల్ల దగ్గర తీసుకున్న రొట్టె ముక్క ఆమెకు గొంతు దిగలేదు. దగ్గి దగ్గి అందరి ముందూ కక్కేసింది. తర్వాతి నెలా అంతే.

"ఒప్పుకోని పాపం లోపలుంటే రొట్టె దిగదమ్మా," అన్నారు సంఘ పెద్ద ఇమ్మానుయేలు గారు. ఆమెను బల్ల నుంచి ఆపేసి గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. ఇంట్లో అన్నం కూడా దిగడం లేదని మొత్తుకుంటే ఎవరు విన్నారు? మొగుడు కొండయ్య ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. పరువు పోయిందని పళ్ళు నూరేవాడు. "ఏటి సేసినావో సెప్పెయ్యే! నా మొకం ఎక్కడెట్టుకోవాల?" అని రోజూ పీక్కుతినేవాడు. వరసకి వదినైన నేనూ ఆమెతో మాట మానేశాను. సిగ్గులేనిదాన్ని, దాచడమెందుకు?

ఏడాది సాధింపుకి విసిగి ఒప్పేసుకుంది: పక్కింటి హైమవతి పెట్టిన అమ్మవారి ప్రసాదం తిన్నానని. పచ్చి అబద్ధం. హైమవతి పోసింది పల్చటి గంజి, అదొక్కటే ఈమెను బతికించింది. కొండయ్య ఆ గంజీ మాన్పించాడు. డోర్కాస్‌ను మళ్ళీ బల్లకు రానిచ్చారు. రొట్టె మళ్ళీ బయటికొచ్చింది, మళ్ళీ ఆపేశారు.

ఆమె ముప్పై ఎనిమిది కిలోలకు దిగాక నాకు భయమేసి రాయ్‌పూర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, పడుకోబెట్టి, గుక్క గుక్కగా నీళ్ళు మింగించారు. ప్రతి గుక్కకీ లోపలి కండరాల ఒత్తిడి ఎంతో తెర మీద రంగుల్లో కనిపించింది. మింగినప్పుడు అన్నవాహిక అడుగునున్న కండరం వదులు కావాలట. ఈమెకది బిగుసుకునే ఉంటోంది. ఇది జబ్బేనని, ఆపరేషన్‌తో తిండి దిగుతుందని డాక్టరమ్మ హిందీలో చెప్పింది.

డోర్కాస్ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "ఇంక నన్ను బల్లకి రానిత్తారు కదా, వదినా?"

ఆపరేషన్ ఎప్పుడని కూడా అడగలేదు, పిచ్చిది.

ఆదివారం డోర్కాస్‌ను వెంటబెట్టుకెళ్ళి రిపోర్టు పెద్దగారి చేతిలో పెట్టాను. కళ్ళద్దాలు సవరించుకుని చదివారు.

"జబ్బే, కాదనను. మరా ప్రసాదం సంగతేటమ్మా?"

"తినలేదండి. అందరూ అడుగుతుంటే ఓర్చుకోలేక అలా సెప్పేసినానండి."

"అంటే దేవుని సన్నిధిలో అబద్ధమాడి, ఆ నోటితోనే రొట్టె తీసుకున్నావన్నమాట."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆడించింది మనమే కదండీ!" అన్నాను. కొండయ్య తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఏ పాపమూ ఎరగనని మొదట్లో ఏడ్చిన డోర్కాస్ ఈసారి అవునన్నట్టు తలూపింది. చెంగు తల మీదికి లాక్కుని, తనంతట తానే వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చుంది.