చేతులు మారిన లిఫ్టు

ఆస్పత్రి లిఫ్టు మరమ్మతుల కాంట్రాక్టరు రోజూ పొద్దున్నే అందులో పైకీ కిందికీ తిరుగుతాడు. గోడకు చెవి ఆనించి వింటాడు. చేతిలో తాళాల గుత్తి ఊరుకోదు. పనిని బావమరిదికి అప్పగించాడు. తన బదులు పని చేయడానికి ఆస్పత్రివాళ్లు ఒప్పుకున్నది ఆ బావమరిదినొక్కడినే. ఏ తేడా వచ్చినా జవాబు చెప్పాల్సింది తనే, పోయేది తన కాంట్రాక్టే. ఈరోజు లిఫ్టు దగ్గర ఎవరో కొత్త మనిషి పానా పట్టుకుని కనిపించాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"లిఫ్టు కాంట్రాక్టరు మనిషినండీ."

"ఆ కాంట్రాక్టర్ని నేనేనయ్యా!"

వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు.

"నువ్వు నాకిచ్చావు, నేను అతనికిచ్చాను. దానికింత కంగారెందుకు బావా?"

"లిఫ్టు ఆగితే వాళ్లు పట్టుకునేది నీ కాలర్ కాదురా, నాది!"

పని అయిపోయిందన్నాడు కొత్త మనిషి. కాంట్రాక్టరు అతని భుజం పట్టుకుని లోపలికి నడిపించి, తానూ ఎక్కి, ఏడో అంతస్తు నొక్కాడు.