మూడొందల యాభై డ్రమ్ము, ఊరికే వచ్చిన కొసరు

తెనాలిలో తొమ్మిది వందలకు దొరికే కొత్త డ్రమ్మును కాదని, మూడొందల యాభైకి పాతదాని కోసం బాపట్ల దాకా వెళ్ళిన ఘనుణ్ణి నేను. అది చాలదన్నట్టు, దాని అడుగున మిగిలిన సరుకును కూడా కొసరుగా పట్టుకొచ్చాను. కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి. కొసరు లేకుండా ఏదైనా కొన్నరోజు మా నాన్నకు అన్నం సయించేది కాదు. నాకూ అంతే.

పని మా అక్కది. రేపల్లె శివార్లలో చిన్న చెరువులో కొరమీను పెంచుతోంది. ఏడాది కష్టం, బుధవారం చేపల పట్టుబడి. బతికుంటేనే కొరమీనుకు ధర. తెనాలి దాకా నీళ్ళలో తీసుకెళ్ళడానికి డ్రమ్ము కావాలి. "కొత్తది కొనరా" అని ఫోనులో రెండుసార్లు చెప్పింది.

సోమవారం ఏడుంపావుకు తెనాలిలో రైలెక్కాను. టిక్కెట్టు ముప్ఫై. బాపట్లలో దిగి, ఇడ్లీ, టీ యాభైలో కానిచ్చి, పాత సామాన్ల కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన ఐదొందల దగ్గర మొదలుపెట్టాడు. చీరాల వైపు రంగుల షెడ్డు నుంచి వచ్చిన డ్రమ్మట. నూలు తడిపే మందు ఉండేదట. బేరం తెగడానికి అరగంట పట్టింది. అడుగున రెండు గ్లాసుల చిక్కటి ద్రవం ఉంది. ముట్టుకుంటే సబ్బులా జారింది.

"ఉండండి సార్, అది తీసేసి ఇస్తాను."

"తీసెయ్యడమేంటండి! అది కొసరు. మా గచ్చు నాలుగు నెలలు కడుక్కోవచ్చు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి మూత బిగించాడు. గెలిచాననుకున్నాను.

పదింపావు రేపల్లె బస్సులో నాకు డెబ్బై, డ్రమ్ముకు నలభై. కండక్టరుతో బేరం పెట్టుకోబోతే, ఎండుచేపల సంచితో కూర్చున్న పెద్దావిడ, "ఒళ్ళో కూర్చోబెట్టుకో అబ్బాయ్, పసిపిల్లకి టిక్కెట్టుండదు" అంది. బస్సంతా నవ్వింది. నేను నిజంగానే కూర్చోబెట్టుకున్నాను. చెరుకుపల్లిలో కండక్టరు వచ్చి నలభై వసూలు చేశాడు.

పన్నెండున్నరకు చెరువు చేరాను. కడుగుదామని డ్రమ్మును నీళ్ళ అంచున వంచబోతుంటే గట్టు మీద నుంచి అక్క కేక.

"ఒరేయ్, ఆగు! ఏముంది అందులో?"

"సబ్బే అక్కా. ఊరికే వచ్చింది."

"ఊరికే వచ్చిందా? అయితే ముందు చూడాల్సిందే."

అక్కకో పద్ధతి ఉంది. కొత్త నీళ్ళయినా, కొత్త మందయినా చెరువులోకి పోనివ్వదు. ముందు బకెట్లో రెండు చేపల్ని వదిలి చూస్తుంది. మంచినీళ్ళ బకెట్లో నా కొసరు ఒక చెంచా కలిపి, రెండు కొరమీను పిల్లల్ని వేసింది. బురదలో కూడా బతికే మొండి చేప.

"ఎంత హుషారుగా తిరుగుతున్నాయో చూడు" అన్నాను.

"అది హుషారు కాదురా."

టీ పెట్టమని అడిగేలోపు ఒకటి పక్కకు ఒరిగింది. "కునుకేమో" అన్నాను. అంతలో రెండోది తెల్లటి పొట్ట చూపించింది.

"మనకి సబ్బే. వాటి మొప్పలకి తగిలితే ఊపిరాడదు" అంటూ అక్క గట్టు మీద కూలబడింది. తిట్టి ఉంటే బాగుండేది. చెరువులో అక్కడక్కడ కొరమీను మూతులు ఎప్పట్లాగే పైకి లేచి, గాలి మింగి మునుగుతున్నాయి. ఎన్నో లెక్కపెట్టబోయి మానేశాను.

"కాలవలో పారబోసొస్తా" అన్నాను.

"కాలవ కింద ఇంకో అక్క చెరువు లేదూ?"

బకెట్టు నీళ్ళు కూడా డ్రమ్ములోకే పోయించి, తెచ్చిన చోటికే పొమ్మంది. రెండు చేపలకు వంద అడిగింది. జన్మలో మొదటిసారి అడిగినంతా ఇచ్చాను.

రెండున్నర బస్సుకు మళ్ళీ డెబ్బై, నలభై.

"కొసరు వాపసు తీసుకోమండి" అని నవ్వాడు కొట్టాయన. బతిమాలితే, శనివారం షెడ్డు ఆటో వచ్చినప్పుడు లోపలిదంతా తిరిగి పంపేస్తానని ఒప్పుకుని, డ్రమ్ముకు రెండొందలిస్తానన్నాడు. కానీ ఈలోగా నాలాంటి తెలివైనవాడు ఇంకొకడు వస్తే? అక్కడున్న తెల్లరంగు డబ్బా తీసుకుని "చేపలకు విషం" అని డ్రమ్ము చుట్టూ రాశాను.

"అయ్యో, ఇంక దీన్ని ఎవరు కొంటారండి?"

"అందుకే రాశానండి."

రెండొందలు కాస్తా వందయ్యాయి.

ఆరున్నర రైలుకు తెనాలి చేరి, కొట్టు మూసేలోగా కొత్త డ్రమ్ము కొన్నాను. బేరమాడలేదు. కొట్టువాడు ఊరికే ఒక మగ్గు ఇవ్వబోతే, ఇదివరకు దాన్లో ఏం పోశారని అడిగి, వద్దన్నాను.

లెక్క: రైలు రానూపోనూ అరవై, ఇడ్లీ టీ యాభై, పాత డ్రమ్ము మూడొందల యాభై, బస్సులు నాకూ దానికీ రెండొందల ఇరవై, చేపలు వంద. తిరిగొచ్చిన వంద తీసేస్తే ఆరొందల ఎనభై. కొత్త డ్రమ్ము తొమ్మిది వందలు. వెరసి పదిహేను వందల ఎనభై.