నీళ్లలో పడ్డ బొమ్మ

మా అత్తగారి పేరు బు మల్‌సున్. పదిహేనో ఏట కొరియాలోని జేజు దీవి దగ్గర సముద్రంలో దిగింది. అరవై ఏడో ఏట గుండె డాక్టరు మానిపించేదాకా ఊపిరి బిగబట్టి మునిగి గుల్లలూ నాచూ ఏరుతూనే ఉంది. మానేశాక ఇంట్లో పొద్దుపోయేది కాదు. నేను కంప్యూటర్లో ఆట ఆడుతుంటే వెనక నిలబడి చూసేది.

"ఒకసారి ఆడండి అత్తయ్యా."

"నా చేతులు చూశావా? పీతల్ని పట్టే చేతులు. ఏదైనా విరిగితే?"

మౌస్‌ని కాలిన మూకుడులా రెండు వేళ్లతో తాకింది. ఏ మీట నొక్కితే తెర మీది బొమ్మ నడుస్తుందో చూపించాను. నాలుగడుగులు వేయించగానే "పోతోందే, ఆపు, ఆపు!" అని కేకపెట్టింది. అక్కడున్నదల్లా పచ్చిక, ఓ గొర్రె.

మూడో రోజు బొమ్మ గట్టు జారి నీళ్లలో పడింది. తెరంతా నీలం. అడుగున వరసగా పది బుడగలు ఒక్కొక్కటే పగలసాగాయి. బొమ్మకి ఊపిరి అయిపోతోందన్నమాట. "పొడుగు మీట నొక్కండి, పైకి వస్తుంది" అన్నాను. తిరిగి చూద్దును కదా, పెదాలు బిగించి తనూ ఊపిరి బిగబట్టేసింది! మొహం కందిపోయింది.

అసలే గుండె జబ్బు మనిషి. "అత్తయ్యా, గాలి పీల్చండి!" అని వీపు మీద చరిచాను. ఆఖరి బుడగ పగిలి బొమ్మ చచ్చిపోయింది. అప్పుడు ఆవిడ నోట్లోంచి సన్నగా ఈల వచ్చింది, సముద్రంలోంచి పైకి తేలినవాళ్లు వేసే ఈల.

మౌస్‌ని పక్కకి తోసేసింది.

"చున్‌హ్వా" అంది. ఎప్పుడూ తనతో జోడుగా దిగిన స్నేహితురాలు. "ఇంకొక్కసారి మునిగొస్తా, నువ్వు ఒడ్డుకి పో అంది. పోయాను. వెనక్కి చూస్తే నీళ్ల మీద అది పట్టుకుని తేలే బంతి ఒక్కటే ఉంది."

చున్‌హ్వా పోయిందని ఊరందరికీ తెలుసు. ఆ రోజు ఈవిడ ముందే వచ్చేసిందని పదకొండేళ్లుగా ఎవరికీ తెలియదు.

వారం రోజులు కంప్యూటరున్న గదిలోకి రాలేదు. నేనూ పిలవలేదు, నాకూ భయమే. ఓ మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి కుర్చీలో కూర్చునుంది.

"పైకొచ్చే మీట ఏదన్నావ్?"

"వద్దులెండి అత్తయ్యా."

"వాగకు. చూపించు."

బొమ్మని ముంచింది. రెండు బుడగలు పోగానే గబుక్కున మీట నొక్కి పైకి లేపింది. మళ్లీ ముంచింది, మళ్లీ లేపింది. చెమటలు కారుతున్నా, పైకి వినపడేలా గాలి పీలుస్తూనే ఉంది. నేను ఆవిడ వీపు మీంచి చెయ్యి తీయలేదు.

ఇప్పటికీ రోజూ ఆడుతుంది. కొండ మీద ఇల్లు కూడా కట్టుకుంది. నీళ్లలోకి మాత్రం నేను పక్కనుంటేనే దిగుతుంది. నేను లేవబోతే నా చొక్కా పట్టుకుంటుంది.

"ఎక్కడికే? కూర్చో."