ఇప్పుడే వచ్చినామన్న జవాబు

పోయిన గురువారం కర్నూలులో కళ్ళ పరీక్ష చేయించుకుని, బేతంచెర్లలో మా వదినను చూసి రావాలని బస్టాండులో కూర్చుని ఉండగా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పలకంత ట్యాబు ఉన్న ఒక అమ్మాయి వచ్చి, బస్సు కోసం ఎంతసేపటి నుంచి ఎదురుచూస్తున్నారని అడిగింది. నేను ఆ బెంచీ మీద కూర్చున్నది పది ఇరవైకి. అమ్మాయి అడిగినప్పుడు నా చేతి గడియారంలో పదకొండు దాటి ఏడు నిమిషాలు. తీసివేస్తే నలభై ఏడు నిమిషాలు. నా నోరు మాత్రం, ఇప్పుడే వచ్చినానమ్మా, అంది. అమ్మాయి తెర మీద వేలు ఆనించి పక్క బెంచీకి వెళ్ళిపోయింది. జీవితమంతా నిమిషాలు రాసినదాన్ని, ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తెలియక మళ్ళీ గడియారం చూసుకున్నాను. తెలియక అనడం కూడా సరి కాదు. బాగా తెలుసు.

నేను చేసిన ఉద్యోగం డిపోలో బస్సులు వచ్చే పోయే వేళలు రిజిస్టరులో రాయడం. సరైన వేళకు వస్తే నీలం సిరా, ఆలస్యమైతే ఎర్ర సిరా. మీలో నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బస్సు ఎప్పుడు వస్తుందో చెప్పేవాళ్ళెవరూ లేక గంట ముందే వెళ్ళి నిలబడేవాళ్ళం, ఎంతసేపైందని ఎవరైనా పలకరిస్తే ఇప్పుడే వచ్చినామనేవాళ్ళం. ఇంటికొచ్చిన చుట్టాన్ని తిన్నారా అని అడిగితే, తినకపోయినా తిన్నామన్నట్టే అదీ. అందులో అబద్ధమాడుతున్నామన్న ఊహ ఎవరికీ ఉండేది కాదు.

నేను రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు బేతంచెర్ల, కర్నూలు మధ్య తిరిగే బస్సులకు, బస్సు ఎక్కడుందో చెప్పే యంత్రాలు బిగించి, మూడు స్టాపుల్లో వెలుగు అక్షరాల బోర్డులు పెట్టారు. అవి నిజంగా పనికొస్తున్నాయా లేదా చూడటానికి కొన్ని దేశాలవాళ్ళు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎవరి పనికి వాళ్ళే మార్కులు వేసుకోకుండా, ఒక దేశం పెట్టిన యంత్రాలను మరో దేశంవాళ్ళు వచ్చి చూడాలి; అన్నిచోట్లా ప్రయాణికులను ఒకే ప్రశ్న అడగాలి; అప్పుడే ఒకరి ఫలితాన్ని మరొకరి దాని పక్కన పెట్టి పోల్చవచ్చు. ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది, ఇప్పటికీ తప్పు పట్టలేను. మా దగ్గరకు వచ్చినామె పొడుగాటి మనిషి, ఎండకు ముఖమంతా కందిపోయి ఉండేది, పెన్సిలు మొన తరిగితే తప్ప రాసేది కాదు. ఆడవాళ్ళు ఆడవాళ్ళకే సరిగ్గా జవాబు చెబుతారని, కాస్తో కూస్తో ఆఫీసు ఇంగ్లీషు వచ్చినదాన్నని, ఆమెకు తోడుగా నన్ను వేశారు. రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ప్రశ్నలో ఒక్క మాట మార్చకూడదు, జవాబు అందించకూడదు, వాళ్ళు చెప్పిందే రాయాలి. ఇప్పుడే అంటే మొదటి గడిలో, అంటే అయిదు నిమిషాల లోపు అన్నదాంట్లో టిక్కు పెట్టాలి.

మొదటి రోజే ఏదో సరిగా లేదని నాకు అర్థమైంది. బేతంచెర్ల స్టాపులో పరిచిన నాపరాళ్ళు కాలుతుంటే, గోడ నీడకు మూటలు తల కింద పెట్టుకుని పడుకున్న ఆడవాళ్ళు లేచి కూర్చుని కొంగు సర్దుకుని, ఇప్పుడే వచ్చినాం మేడం, అనేవాళ్ళు. నిద్రపోయి లేచిన మనిషి ఇప్పుడే ఎలా వచ్చి ఉంటుంది? అలవాటు కొద్దీ నేను నా సొంత చిన్న పుస్తకంలో, ఎవరు ఏ వేళకు స్టాపులోకి వచ్చారో రాసుకుంటూ ఉన్నాను. గురువారం నాడు ఇరవై ఆరుగురిని అడిగాను. పందొమ్మిది మంది ఇప్పుడే అన్నారు. నా పుస్తకం ప్రకారం ఆ ఇరవై ఆరుగురి సగటు గంటా అయిదు నిమిషాలు.

ఆ పందొమ్మిది మందిలో మా వదిన ఒకతె. మా అన్న పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కోసి కోసి ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుపోయిన మనిషి. ప్రతి గురువారం మధ్యాహ్నం కర్నూలులో ఛాతీ డాక్టరుకు చూపించుకోవాలి. వాళ్ళు పదకొండున్నర బస్సుకని పదకొండుంబావుకే వచ్చారు. అది కిక్కిరిసి వచ్చింది, రెండు గంటలు నిలబడి వెళ్ళే ఓపిక అన్నకు లేదు, అందుకని ఒంటిగంట బస్సు కోసం ఆగిపోయారు. పన్నెండూ యాభైకి నేను కాగితం పట్టుకుని, పక్కన ఆ విదేశీ ఆమె నిలబడి ఉండగా, అక్షరం పొల్లుపోకుండా వదినను ప్రశ్న అడిగాను.

"ఇప్పుడే వచ్చినాం పాపా," అంది వదిన నవ్వుతూ. "బస్సు గూడా వస్తాండాది, బోర్డులో చూపిస్తాండారు కదా."

"నీ పరీక్ష అట్ల పెట్టి, ఆ దొరసానిని నీడకు పిల్చుకోని పో," అన్నాడు అన్న, దగ్గు ఆపుకుంటూ. "మిరపకాయ మాదిరి అయిపోయింది పాపం. ఉగ్గాని బజ్జీ పెట్టించినావా లేదా?"

నేను మొదటి గడిలో టిక్కు పెట్టాను. నిబంధన ప్రకారం అది సరైన టిక్కే.

ప్రశ్న ఎలా అడగాలో కూడా నాకు తెలుసు. ఎంతసేపైందని కాదు, ఇంట్లోంచి ఎప్పుడు బయలుదేరినారని అడగాలి. అలా అడిగితే మా ప్రాంతంలో ఎవరైనా, సంగటి తిని పిల్లలు బడికి పోయినంక బయలుదేరినామని ఉన్నది ఉన్నట్టు చెబుతారు. చివరి రోజు సాయంత్రం ఆ విదేశీ ఆమె కాగితాలన్నీ కట్ట కట్టి, పెన్సిలు పక్కన పెట్టి, ఈ కాగితాల్లో పట్టనిది ఏమైనా చూశారా అని నన్ను అడిగింది. అడిగి, తొందరపడకుండా నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. నా పుస్తకం నా సంచిలోనే ఉంది. మా అధికారి ఎదురు కుర్చీలో ఉన్నాడు. నేను ఏమీ లేదు మేడం, అంతా బాగుంది, అన్నాను. అధికారికి భయపడ్డానని చెప్పుకుంటే నాకు కొంత తేలిక. కానీ అది నిజం కాదు. దేశం దాటి వచ్చిన మనిషి వెళ్ళిపోయే పూట అడిగింది, ఆ పూట అనవలసిన మాట అదే అనిపించింది, అన్నాను.

నివేదికలో బోర్డులు చూపించే వేళలు సరిగ్గా ఉన్నాయని, ఆ దారిలో ప్రయాణికులు ఎదురుచూసేది చాలా తక్కువని వచ్చింది. మొదటిది నిజమే. రెండోదాన్ని పట్టుకుని పై ఆఫీసువాళ్ళు, జనం అంత తక్కువసేపే ఆగుతుంటే గంటన్నర తేడాలో రెండు బస్సులు ఎందుకని ఒంటిగంట బస్సు తీసేశారు. రద్దు కాగితం నా బల్ల మీదికే వచ్చింది, రిజిస్టరులో ఆ వరుస కొట్టేసింది నా చేయే. ఆ తరువాత పదకొండున్నర బస్సు తలుపు దగ్గర కూడా కాలు పెట్టే చోటు లేకుండా వచ్చేది. పద్నాలుగు గురువారాల్లో అయిదుసార్లు అన్న స్టాపు దాకా వచ్చి ఇంటికి తిరిగిపోయాడు. పదిహేనో గురువారం నాటికి లేడు. ఆ బస్సు ఉండి ఉంటే బతికేవాడని నేను అనను. రుజువు లేనిదాన్ని లెక్కలో కలిపే అలవాటు నాకు లేదు. అయిదుసార్లు తిరిగిపోయాడన్నది మాత్రం లెక్క.

కర్మంతరాలు అయ్యాక ఒక మధ్యాహ్నం వదినను అడిగాను, గంటా ముప్పై అయిదు నిమిషాలు నిలబడి ఇప్పుడే వచ్చినామని ఎందుకు చెప్పావని. చేటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆగింది.

"అదేం మాట పాపా. ఆయమ్మ యాడనుంచో వచ్చింది. ఆమె ముందర మీ బస్సుల్లో చోటు లేదని చెప్పి నీ పరువు తీయాల్నా?" అని, చేట పక్కన పెట్టి, "నీ చేతికి గడియారం ఉండాది కదా. నువ్వు రాసుకోలేదా?" అంది.

నేను చేట అందుకుని మిగిలిన బియ్యం ఏరాను. రాసుకున్నానని ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే పోయిన గురువారం కర్నూలు బస్టాండులో లేచి, రెండు బెంచీల అవతల ఉన్న ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళి, నేను చెప్పింది తప్పమ్మా, నలభై ఏడు నిమిషాలని దిద్దుకో, అన్నాను. అమ్మాయి మర్యాదగల పిల్ల, విసుక్కోలేదు.

"పంపించేసినా అవ్వా. ఒకసారి పోతే మళ్ళా వెనక్కి రాదు."

పోనీ మిగిలినవాళ్ళనైనా ఇంట్లోంచి ఎప్పుడు బయలుదేరారో అడగమన్నాను. నవ్వింది. "ప్రశ్న మార్చేదానికి లేదవ్వా. అన్ని ఊర్లలో ఇదే అడగల్ల."

బస్సు సరిగ్గా బోర్డులో చూపించిన నిమిషానికే వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని నా చిన్న పుస్తకం తీసి నేను వచ్చిన వేళ, బస్సు ఎక్కిన వేళ రాసుకున్నాను. ఇప్పుడు ఎర్ర సిరా లేదు, రిజిస్టరు లేదు, గడియారం చూసుకుంటూ డిపోలో కూర్చునే ఉద్యోగమే లేదు. బస్సు ఏ మలుపులో ఉందో ఫోనులోనే తెలుస్తోంది, దానికి నేను సంతోషించేదాన్నే. కాగితం పక్కన పెట్టి, ఇంకేమైనా చూశారా అని అడిగి, జవాబు కోసం ముఖంలోకి చూస్తూ కూర్చునే మనిషి మాత్రం ఆ తరువాత నాకు ఎక్కడా కనబడలేదు. కనబడింది ఆ ఒక్కసారే. ఆమెకు నేను అంతా బాగుందని చెప్పాను.