కార్డు నా సంచిలోనే ఉంది

దెయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. ఆదోనిలో కంప్యూటర్లు రిపేరు చేసే షాపు నాది. "దానంతటదే ఆన్ అయితాందప్పా" అని జనం భయపడి తెచ్చిన సీపీయూ డబ్బాలు చాలానే విప్పాను. లోపల దుమ్ము దొరికింది, చీమలు దొరికాయి, ఒకసారి ఎండిపోయిన బల్లి దొరికింది. అంతే.

ఇప్పుడు చెప్పేది ఎమ్మిగనూరులో, మా అక్క ఇంట్లో జరిగింది.

అక్క కొడుకు మనోహర్. బెంగళూరులో కట్టడం పనికి పోయి రెండో అంతస్తు నుంచి పడ్డాడు. అప్పటినుంచి నడుము కింద చలనం లేదు. చేతులు మాత్రం బాగున్నాయి. మంచానికి అడ్డంగా పలక వేసి, దాని మీద కీబోర్డు, మౌస్ పెట్టి నేనే కంప్యూటర్ అమర్చి ఇచ్చాను. ముందు గదిలో బావ మగ్గం నేస్తుంటే వెనక గదిలో వాడు గేమ్ ఆడుకునేవాడు.

ఆ గేమ్‌లో నలుగురు ఒక జట్టు. మిగతా ముగ్గురూ కోసిగి, పత్తికొండ పిల్లలు. ఫోన్‌లో, గేమ్‌లో పరిచయమే తప్ప వాళ్లెవరూ వీణ్ణి చూడలేదు. జట్టులో అందరికంటే ముందు పరుగెత్తేది వీడేనని వాళ్లకు తెలుసు. మంచం సంగతి తెలియదు. వీడు చెప్పలేదు.

కొన్ని నెలలకు గేమ్ ఆగి ఆగి రావడం మొదలైంది. వీడు ఒక అడుగు వేసేలోగా అవతలివాళ్లు కాల్చేసేవాళ్లు. ఒక్కోసారి స్క్రీన్ మొత్తం నల్లబడేది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ కంప్యూటర్‌లో వేసిన ప్రాసెసర్ తనంతట తాను బొమ్మ చూపించగల రకం కాదు. గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందే. మానిటర్ కేబుల్ కూడా ఆ కార్డుకే తగిలించాలి. కార్డు తీసేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మాత్రం వెలగదు.

నాకు తెలిసినవన్నీ చేశాను. కార్డు ఊడదీసి, దాని అంచున ఉండే పసుపు పట్టీలను రబ్బరుతో రుద్దాను. కార్డు దిగే స్లాట్‌లోకి గాలి కొట్టాను. డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశాను. పవర్ సప్లయి మార్చాను. బరువుకు కార్డు వంగుతోందేమోనని కింద ఆనుడు పెట్టాను. నేనున్నంతసేపూ బాగానే ఉండేది. ఆదోని చేరేలోగా ఫోన్ వచ్చేది.

ఒక రోజు నేను అక్కడుండగానే స్పీకర్లో ఒక పిల్లవాడి గొంతు వినిపించింది. "అన్నా, నీ సిస్టం బాగైనాక రాన్నా. అంతదాంక ఇంగొకర్ని పెట్టుకుంటాం."

మనోహర్ స్పీకర్ ఆపేసి తల గోడవైపు తిప్పుకున్నాడు.

అక్క నన్ను బయటికి పిలిచింది. "వాని మొగం చూడలేకపోతాండా. ఎట్లన్న చెయ్‌రా, ఇదొకటే గదా వానికి ఉండేది."

నాకు చేతనైనదంతా అప్పటికే అయిపోయింది. ఆ మాట అక్కతో అనలేక, డబ్బా పక్క రేకు విప్పి గోడకు ఆనించి, కార్డు తీసుకుని ఆదోనికి వచ్చాను. షాపులో వేరే మదర్‌బోర్డుకు పెట్టి చూస్తే ఎక్కడా ఆగకుండా నడిచింది. అంటే లోపం స్లాట్‌లోనే ఉంది, బోర్డు మార్చాలి. అది దొరికేదాకా ఉన్నదాంతోనే ఆడుకుంటాడని, మరుసటి రోజు కార్డును గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని బస్టాండుకు వచ్చాను.

అప్పుడే మనోహర్ ఫోన్ చేశాడు.

"మామా, ఏం జేసినావు మామా! నీళ్లలెక్క పోతాంది!"

"యాడ పోతాదప్పా, కార్డు నా సంచిలో ఉండాది."

"నాకేం తెల్సు. బటన్ నొక్కితి, వచ్చె."

వెనక ఆ ముగ్గురు పిల్లల కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. ఎవరితోనో వేరే కార్డు తెప్పించి, పెట్టించి నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

నేను చేరేసరికి మగ్గం చప్పుడు లేదు. బావ, అక్క వెనక గది వాకిట్లో నిలబడి స్క్రీన్ వైపు చూస్తున్నారు.

"చూడప్పా, మావోడు ఎట్ల పరిగెత్తాండాడో," అన్నాడు బావ. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

నిజంగానే పరుగెత్తుతున్నాడు. ఎక్కడా ఆగడం లేదు. మనోహర్ నన్ను చూసి నవ్వి మళ్లీ ఆటలో పడ్డాడు. ప్రమాదం తర్వాత వాడి ముఖంలో అలాంటి నవ్వు చూడడం అదే మొదలు.

డబ్బా పక్క రేకు నేను పెట్టిపోయిన చోటే గోడకు ఆనించి ఉంది. వంగి చూశాను. స్లాట్ ఖాళీ. నమ్మలేక వేలు పెట్టి తడిమాను. తర్వాత మానిటర్ కేబుల్ పట్టుకుని రెండో కొస దాకా పోయాను. ఆ కొస దేనికీ తగిలించి లేదు. నేల మీద పడి ఉంది.

మానిటర్‌కు అందుతున్నది కరెంటు ఒక్కటే. స్క్రీన్ మీద మనోహర్ పరుగెత్తుతూనే ఉన్నాడు.

ఫోటో తీయాలని నాకు తోచలేదు. చేతిలో ఆ కేబుల్ కొస పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాను. కదిలిస్తే ఆగిపోతుందేమోనని భయం.

నేను కదిలించలేదు. కరెంటు పోయింది. మా వైపు అది వింతేమీ కాదు.

కరెంటు వచ్చాక బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ నల్లగా ఉంది.

"మామా, ఏమన్న చెయ్ మామా. ఇప్పుడే బాగుండె గదా."

ఏం చెయ్యాలి? కార్డు పెడితే మళ్లీ ఆగి ఆగి వచ్చింది. తీస్తే ఏమీ లేదు. కేబుల్‌ను నేల మీద అదే చోట పడేసి కూడా చూశాను. నవ్వుకోండి, ఫరవాలేదు. చీకటి పడేదాకా వాడు నా చేతులనే చూస్తూ ఉన్నాడు.

తర్వాత బోర్డు మార్చాను. ఇప్పుడు ఫరవాలేదనిపించేలా నడుస్తోంది, అంతే. ఆ రోజులాగా మళ్లీ ఎన్నడూ నడవలేదు. ఆ పిల్లలు మాత్రం "ఆ పొద్దు ఆడినట్ల ఆడన్నా" అని ఇప్పటికీ అడుగుతారట.

నా వృత్తిలో ఉన్నవాళ్లకు చెబితే, ప్రాసెసర్ మరోసారి చూసుకో అన్నారు. చూసుకున్నాను. నేను చెప్పిన రకమే. ఒకవేళ కాకపోయినా, నేల మీది కేబుల్ సంగతి ఎవరూ చెప్పలేకపోయారు.

అక్క, బావ ఆ రోజు కొడుకునే చూశారు, డబ్బా లోపలికి చూడలేదు. చూసింది నేనొక్కణ్ణే. నేను పోయినప్పుడల్లా మనోహర్ అడుగుతాడు.

"ఆ పొద్దు కార్డు లేదు గదా మామా? నువ్వు చూసినావు గదా?"

"చూసినా రా," అంటాను.

అది ఎట్లా జరిగిందని మాత్రం వాడు అడగడు.