ముప్పై రెండు అలలు, ఒక నల్లకుక్క

ఇది నేను మహాసముద్రంతో తలపడిన వీరగాథ. సముద్రం ఒకవైపు, ఇరవై రెండేళ్ల నేను ఒకవైపు, మధ్యలో ఘోరమైన వినాశనం. వినాశనానికి నాది పూచీ. సముద్రం మాత్రం కథలోకి రాదు. దాని బదులు ఒక పెళ్లి క్యాసెట్టు వస్తుంది, సర్దుకోండి.

రెండువేల మూడు ప్రాంతం, ఇంజినీరింగ్ ఆఖరి ఏడు. కాలేజీలో ప్రాజెక్టులకు చీట్లు వేశారు. ధర్మవరం ఓబులేసు, నేను ఒక జట్టు. మా చీటీలో ‘వీడియో చూసి సముద్రపు అలల తీరు అంచనా వేయుట’ అని ఉంది. మాది హిందూపురం. అల అంటే నేనెరిగింది, ట్యాంకరు దగ్గర నింపిన బిందె ఇంటికి మోసేటప్పుడు లేచి చొక్కా తడిపేదే. ఓబులేసు అది కూడా ఎరగడు. వాళ్లింట్లో బోరుంది.

ప్రాజెక్టు తప్పితే ఆరు నెలలు ఆగాలి. ఆగడానికి నేను సిద్ధమే. మా నాయన సిద్ధంగా లేడు. ఆయన అప్పటికే ఇంటి గేటు మీద నా పేరు పక్కన ‘బి.టెక్’ అని పెయింటుతో రాయించి, సోమందేపల్లి నుంచి చుట్టాలను పిలిపించి మరీ చూపించాడు.

“ఇబ్బుడు సముద్రం యాడ దొరుకుతాదప్పా?” అన్నాడు ఓబులేసు.

“పెనుకొండలో ఉండాది,” అన్నాను.

నేనన్నది పెనుకొండలో కాపురముండే మా అక్క పెళ్లి క్యాసెట్టు సంగతి. పెళ్లయ్యాక అక్క, రామాంజి బావ మద్రాసు బీచికి పోతే, పెనుకొండ స్టూడియో బాబ్జీ కూడా కెమెరాతో వెంట పోయాడు. క్యాసెట్టు చివర ఒక పాట పొడుగునా బావ ఒక్కడే నీళ్ల ముందు నిలబడి ఉంటాడు. వెనక అల మీద అల. చీర తడుస్తుందని అక్క అటు పక్కకే రాలేదు.

పద్ధతి సులువు. టీవీ మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి, పాజ్ నొక్కి, అల తలనూ బావ తలనూ స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టాలి. బావ అసలు ఎత్తు తెలిస్తే అల ఎత్తు లెక్కలో వచ్చేస్తుంది. అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో వాచీ చెబుతుంది. కొలత టేపు పట్టుకుని పెనుకొండ పోయాను.

“బావా, రోంత గోడకు నిలబడు. కొలుచుకుంటా.”

బావ టేపును పామును చూసినట్టు చూశాడు. “కొలిచేదేముండాదప్పా? పెండ్లిచూపుల్లోనే చెప్పింటిమి గదా, అయిదు తొమ్మిదని.”

“అదే రాసుకోరా,” అంది వంటింట్లోంచి అక్క. “నేనూ దాన్నే నమ్మి చేసుకుంటి.”

ఇంటల్లుణ్ణి గోడకు నిలబెట్టి కొలిచే వంశం కాదు మాది. అయిదు తొమ్మిది రాసుకున్నాను.

ధర్మవరంలో ఓబులేసు ఇంట్లో మూడు రోజులు కూర్చున్నాం. మొత్తం ముప్పై రెండు అలలు. ప్రతి అల ఎత్తూ నాలుగున్నర అడుగులే. అలకూ అలకూ మధ్య తొమ్మిది సెకన్లే.

“ఏమబ్బా, అన్నీ ఒగటే కొలతొస్తాండాయే?” అన్నాడు ఓబులేసు.

“మరి సముద్రమంటే ఏమనుకుంటివి? మన ఊరి కొళాయా, ఇష్టమొచ్చినప్పుడు వచ్చేకి?”

ఓబులేసు వాళ్ల నాయన మగ్గం దిగి వచ్చి టీవీ ముందు నిలబడ్డాడు. పట్టుచీరల మీద ఒకే పువ్వును వేల తడవలు నేసిన మనిషి. “బుటా శానా బాగా కుదిరింది రా. అన్నీ ఒగటే అచ్చు. ఇట్ల నేసేది నాతో కూడా కాదు,” అన్నాడు.

మేము దాన్ని మెచ్చుకోలు అనుకున్నాం. రిపోర్టు చివర ‘సముద్రం మిక్కిలి క్రమశిక్షణ గలది’ అని రాశాం.

పరీక్ష చేయడానికి కాకినాడ వైపు నుంచి ఒక పెద్దసారు వచ్చారు. మేము గర్వంగా క్యాసెట్టు వేశాం. ఆయన మూడు అలల దాకా చిరునవ్వుతో చూశారు. పదో అలకు నవ్వు పోయింది.

“బాబూ, ఆ నల్లకుక్క ఏం చేస్తోంది?”

“ఉరుకుతాంది సార్.”

“ప్రతి అలకీ ఎడమ నుంచి కుడికే పరిగెడుతోంది. ఒక్కసారైనా వెనక్కి రాలేదు. ఎలా?”

నాకు గేటు మీద పెయింటు కళ్ల ముందు మెదిలింది. పక్కన ఓబులేసు గొంతు సవరించుకున్నాడు.

“ముప్పై రెండు కుక్కలేమో సార్.”

“మీరెప్పుడైనా సముద్రం చూశారా?”

“చూసినాం సార్,” అన్నాను. “ఈ క్యాసెట్లోనే.”

సారు పది నిమిషాలు టైమిస్తే ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి బాబ్జీకి ఫోన్ చేశాను.

“నన్నేం చేయమంటావప్పా?” అన్నాడు బాబ్జీ. “పాట చూస్తే అయిదు నిమిషాలు ఉండాది. మీ బావ చూస్తే మొదటి అలకే బెదిరి గట్టెక్కేసె. ఉన్న ఒక్క అలనే మిక్సింగ్‌లో ముప్పై రెండు తూర్లు అతికిస్తి.”

ఉన్నదున్నట్టు చెప్పాను. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“పోనీ, ఆ ఒక్క అలనైనా సరిగ్గా కొలిచారా? ఈ పెళ్లికొడుకు ఎత్తు ఎలా తెలిసింది?”

“పెండ్లిచూపుల్లో చెప్పినారు సార్.”

ఆయన మా రిపోర్టు మూసి నా చేతిలో పెట్టారు. తర్వాత వారం గడువిచ్చారు. అతణ్ణి నిజంగా కొలిచి, ఆ ఒక్క అలకు లెక్క మళ్లీ వేసి తెస్తే పాస్ చేస్తానన్నారు.

మళ్లీ పెనుకొండ. ఈసారి అక్కే బావను గోడకు నిలబెట్టింది. “నా తమ్ముని చదువు కన్నా నీ ఎత్తు ఎక్కువనా?” అంది. బావ ఊపిరి పీల్చి ఛాతీ పొంగించాడు. ఛాతీ పొంగింది గానీ తల కదల్లేదు. అంకెను అక్క మూడుసార్లు చదివింది, మూడోసారి పక్కింటికి వినబడేలా.

అల నాలుగంగుళాలు కుంగింది. నేను అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. గేటు మీది బి.టెక్ నిలబడింది. బావ నాతో ఏడాది మాట్లాడలేదు.

కాబట్టి ఆ గేటు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పెళ్లిచూపుల్లో విన్న కొలతతో ఈ జన్మలో మరే సముద్రాన్నీ కొలవను. పాట వినబడే చోట అలలు లెక్కపెట్టను. కుక్క కనబడితే ముందు దాన్నే గమనిస్తాను.

బావ ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. చెప్పులతో.