అన్నకు కర్నూలు చూపించాను

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఆయనకు అక్కడి ఆఫీసులో బంట్రోతు పని దొరికింది. నేను బద్వేలు పక్క పల్లెలో పుట్టినదాన్ని. పెళ్లయిన ఏడాదికే ఆయన వెంట కర్నూలు పోయాను. రెండూ సీమ ఊళ్లే కదా, పరాయి దేశమేమిటి అంటారేమో. నాకు పరాయి దేశమే. మేమున్న ఇళ్ల వరుసలో అందరూ మద్రాసు నుంచీ కోస్తా నుంచీ వచ్చిన గుమాస్తాల పెండ్లాలు. నేను నోరు తెరిస్తే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. అందుకని తెరవడం మానేశాను. ఆయన పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు, తిని పడుకునేవాడు. చెడ్డవాడు కాదు. మాట్లాడే మనిషి కాదు, అంతే. నాకు చదువొచ్చింది ముసలితనంలో. ఆ రోజుల్లో అక్షరం ముక్క రాదు. ఇంటికి జాబు పంపాలంటే ఇంకొకరి చేత రాయించాలి. మనసులోని దిగులు ఇంకొకరి చేత ఎట్లా రాయిస్తాం?

దసరా దాటినాక మా అన్నా వదినా రాజధాని చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. అన్న నన్ను ఊరికి పిలుచుకొని పోతాడని ఒకటే ఆశ పెట్టుకున్నాను. మా వైపు ఆడపిల్ల తనంతట తాను పుట్టింటికి పోదు. పోతే మొగుడితో చెడి వచ్చిందంటారు. పుట్టింటివాళ్లే వచ్చి పిలవాలి. పిలవమని అడగడం ఇంకా సిగ్గు.

చూపించడానికి నాకు మాత్రం ఊరు తెలిస్తే కదా. గుడ్డలుతకడానికి ఏటికి పోవడం తప్ప ఇంకో దారి ఎరగను. వాళ్లు వచ్చే ముందు ఆదివారం ఆయన వెంట తిరిగి దారులు గుర్తు పెట్టుకున్నాను.

వాళ్లు వచ్చినాక మొదట కోట బురుజు చూపించి, తర్వాత ఆఫీసులు నడిచే గుడారాల దగ్గరికి తీసుకుపోయాను. రాజధాని అంటే మేడలు ఉంటాయనుకున్నాడు అన్న. తిరునాళ్లలో అంగళ్లు వేసినట్టుందే అని నవ్వాడు.

"మీ ఆయన యాడ కూచుంటాడు పాపా?" అని వదిన అడిగింది.

నాకు తెలియదు. పెద్దదిగా కనిపించిన గుడారాన్ని చూపించాను.

"బంట్రోతు యాడ కూచుంటాడే పిచ్చిదానా, నిలబడతాడు గానీ," అన్నాడు అన్న.

దారిలో మా వరుసలోని గుమాస్తా పెండ్లాం ఒకామె ఎదురుపడింది. ఎన్నడూ నన్ను పలకరించింది లేదు. నేనే నవ్వి పలకరించాను. ఆమె తత్తరపడి నవ్వి వెళ్లిపోయింది. నేనంటే ఆమెకు ప్రాణమనీ, నన్ను విడిచి ముద్ద కూడా తినదనీ వదినతో చెప్పాను. దిక్కులేనిదానిలా కనిపించడం నాకు ఇష్టం లేదు. అన్న నన్ను ముద్దుగా పిలుచుకుపోవాలి గానీ జాలిపడి కాదు.

సాయంత్రం తుంగభద్రకు పోయాం. అన్ని నీళ్లు చూసి వదిన మోకాళ్ల దాకా దిగి, ఎంత పిలిచినా గట్టుకు రాలేదు. అన్న నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఈడ నీకు పొద్దు పోతాందా పాపా?"

"పొద్దే చాల్దన్నా," అన్నాను.

అన్న మొహం తేటపడింది. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు వాళ్లు పోయే రోజు. ఆయన ఆఫీసుకు పోయాక నేను రెండు చీరలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఇంతలో వదిన నన్ను పిలిచి చాప మీద తూర్పు మొహంగా కూర్చోబెట్టింది. తన మూటలోంచి పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి గిన్నెలు, రవిక గుడ్డ తీసింది. అవి ఒడిబియ్యం. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను తిరిగి పంపేటప్పుడు ఒడిలో పోసేవి. నేను పుట్టింటికి పోనేలేదు.

"అత్త చెప్పి పంపింది పాపా. దిగులుగా ఉంటే పిలుచుకొని రాండి, బాగుంటే ఆడనే ఒడి నింపి రాండి అనింది. నువ్వు శానా బాగుండావు. నిన్ను ఈడనించి కదిలిస్తే మాకు పాపం."

అన్న గడప దగ్గర నిలబడి ఉన్నాడు. "మారాణి మాదిరి ఉండాదని అమ్మకు చెప్తాలే," అన్నాడు.

అప్పుడు నోరు విప్పాలంటే అంతకుముందు చెప్పినవన్నీ అబద్ధాలని ఒప్పుకోవాలి. కొంగు పట్టాను. వదిన దోసిళ్లతో పోసింది. బియ్యం ఒడిలో బరువుగా కూర్చున్నాయి. వాళ్లు జట్కా ఎక్కి పోయారు.

ఒడిబియ్యం వండితే నలుగురు ముత్తైదువలను పిలిచి పెట్టాలి, ఒంటిగా తినకూడదు. వండి వాకిట్లో నిలబడ్డాను. ఆ వరుసలో ఏ తలుపు తట్టాలో తెలియలేదు. అన్నం చల్లారింది. రాత్రి ఆయనకు పెట్టాను.

"బియ్యం బాగుండాయే, యాడివి?" అన్నాడు.

మా ఊరివని చెప్పాను. ఇంకొంచెం పెట్టించుకున్నాడు.